ఆగిన చోట ఆగినానని చెప్పమన్న విజయక్క

మొన్న జనగామ నుంచి మానుకోటకు రైల్లో పోతుంటే, పక్కన కూర్చున్నామె సంచిలోంచి నొప్పుల మందు డబ్బీ తీసి రెండు మణికట్లకూ రాసుకుంది. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె గాబరాపడి, "మందు ఘాటు కొట్టిందా అక్కా? కిటికీ దిక్కు జరుగుతవా?" అంది. "లేదు చెల్లె, మంచిగనే ఉంది. ఇంకొంచెం రాస్కో" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి డబ్బీ మూత పెట్టేసింది. పాపం, ఆమెకేం తెలుసు! ఆరేళ్ళు మా ఇంటి మెట్ల మీద, పైగది గొళ్ళేనికి, నా గిన్నెల మూతలకు కూడా అంటుకొని ఉన్న వాసన అది.

ఆ పైగదిలో అద్దెకున్నది విజయక్క. భూపాలపల్లి ఆడబిడ్డ. వాళ్ళ నాయన బొగ్గుబావిలో పనిచేసేవాడట. ఆమె పాలిటెక్నిక్ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, ఉద్యోగం మానుకుని, ఒక కంప్యూటరు, ఒక మందు డబ్బీ, రెండు చీరల పెట్టెలతో మా ఇంటికి వచ్చింది. అన్నం నేనే వండి పైకి తీసుకుపోయేదాన్ని. నేను ఏడో తరగతితో బడి మానేసిన మనిషిని. పొద్దంతా ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఈమె ఏం చేస్తున్నదో తెలియక నెలరోజులు కొట్టుకులాడాను. ఒకనాడు ఇక ఆగలేక, కంచం పెడుతూ అడిగేశాను.

"ఏం కొలువు మేడం మీది?"

"మేడం గీడం వద్దు, అక్కా అను. నువ్వు మీ చెల్లెలింటికి పోయి వండితే, నీ చేతి పులుసు ఇక్కడి లెక్కనే వస్తదా?"

"ఏడొస్తది? వాళ్ళ పొయ్యి వేరు, ఉప్పు వేరు. వాళ్ళ గిన్నె ఊకె అడుగంటుతది."

"మరి నీ పొయ్యి, నీ గిన్నె, నీ ఉప్పుకారం అన్ని ఒక్క పెట్టెల సదురుకొని పోయినవనుకో. ఎవలింట్ల తెరిచినా గదే పులుసు. కంప్యూటర్లకు గసుంటి పెట్టెలు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటున్నది. ఆ పెట్టెలను కంటెయినర్లు అంటరు. లినక్స్ అనేదాని మీద నడుస్తయి. అది ఎట్ల చేసిన్రో దాపరికం లేదు. ఎవలన్న చూడొచ్చు, ఎవలన్న బాగుచెయ్యొచ్చు."

"అయితే నువ్వు చేసినవా దాన్ని?"

"చేసినోళ్ళు చేసి పోయిన్రు. రోజు చూసుకునేటోళ్ళల్ల నేనొకదాన్ని. ఎవలన్న ఒక మార్పు పంపుతే పరీక్షచేసి, మంచిగుంటే కలుపుత. ఏదన్న చెడిపోతే సరిచేస్త."

"అంటే వాళ్ళు వండి పోయిన్రు, నువ్వు గిన్నెలు తోముతున్నవన్నట్టు" అన్నాను.

విజయక్క నవ్వి నవ్వి పొరబోయి మంచినీళ్ళు తాగింది. "ఇన్ని దేశాలోళ్ళం కూసొని గింత సక్కగ చెప్పలేకపోయినం యాకమ్మా" అంది. ఆనాటి నుంచి నాకు ఆ గదిలో భయం పోయింది.

ఆమె పొద్దున లేవగానే ఎక్కడెక్కడి మనుషులో పంపిన ఉత్తరాలు చదివేది. మణికట్లు నొచ్చి మందు రాసుకునేటప్పుడు కొన్నిటిని నాకు తెలుగులో చెప్పేది. ఒకసారి ఎవడో, 'మీ చెత్త వల్ల నా రోజంతా పాడైంది, చేతకాకపోతే మానుకోండి' అని రాశాడు. "నేనైతే వాని తాతలను గూడ లేపుదును" అన్నాను. విజయక్క మాత్రం వాడికి మూడే మూడు ప్రశ్నలు రాసింది. నువ్వేం చేసినవ్? ఏమైతదనుకున్నవ్? ఏమైంది? మరునాటికి వాడు చల్లబడి అన్నీ వివరంగా పంపాడు. చూస్తే తప్పు మనవైపే ఉంది. ఆమె దాన్ని సరిచేసి, ఏం మార్చారో రాసే చిట్టాలో వాడి పేరు కూడా ఎక్కించింది.

"తిట్టినోని పేరు రాస్తున్నవా?" అని నేను మండిపడ్డాను.

"తిట్టినందుకు రాయలే. కనిపెట్టినందుకు రాసిన."

తరువాత మా ఆయన బావి మోటరు కాలబెట్టుకొని వచ్చిన రోజు, ఎప్పటిలా అరవకుండా నేనూ అవే మూడు ప్రశ్నలు అడిగాను. ఆయన బిత్తరపోయి, "నీకు పానం మంచిగ లేదా?" అని నా నుదురు పట్టి చూశాడు.

దంతాలపల్లిలో ఒక బడి టీచరు, లక్ష్మి టీచర్ అని, తమ బడిలోని పాత కంప్యూటర్లలో ఈ పెట్టె పెట్టుకోవాలనుకుంది. ఇంగ్లీషులో ఉన్న పద్ధతి పిల్లలకు అర్థం కావడం లేదని, తెలుగులో రాసివ్వమని విజయక్కను అడిగింది. విజయక్క రాసి, ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని చూసి నేనే కంప్యూటరు మీద చేయాలట.

"నాకేం తెలుస్తది అక్కా?"

"తెల్వదు గనుకనే నువ్వు గావాలె. కాయిదం మీద ఏమున్నదో గదే చెయ్యి. అందాజగ ఏం చెయ్యకు. ఏడ సమజ్ గాకపోతే ఆడ 'ఆగిన' అను. నువ్వాగితే తప్పు నీది గాదు, కాయిదానిది."

మొదటిరోజు ఎన్నిసార్లు ఆగానో లెక్కలేదు. ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే వెతుక్కుని నొక్కేదాన్ని. ఆగిన ప్రతిసారీ సిగ్గుపడేదాన్ని. ఆమె ఆ చోట గీత గీసి, మాట మార్చి రాసి, "శభాష్" అనేది. చిన్నప్పుడు బడిలో అర్థం కాలేదంటే బల్లెక్కించి నిలబెట్టారు నన్ను. అర్థం కాలేదన్నందుకు శభాష్ అన్న మనిషిని ఆ యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి చూశాను.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఒకసారి చూసింది, విన్నది పోదు. ఆ పెట్టెను ఎట్లా నడపాలో ఆమె చేస్తుండగా ఎన్నోసార్లు చూశాను. అందులో ఒక కిటుకు ఉంది. పెట్టెను తీసేస్తే లోపల రాసుకున్నదంతా దానితోపాటే పోతుంది. అందుకని ముందుగా బయట ఒక గూడు చేసి, రాసుకున్నవన్నీ ఆ గూట్లో దాచమని పెట్టెకు చెప్పాలి. చివరిసారి శుద్ధంగా తిరగరాసిన కాగితంలో ఆ గూటి మాట రాలిపోయింది. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ ఆరోజు పొద్దుటినుంచి ఒక్కసారి కూడా ఆగలేదు నేను. మొత్తం ఆగకుండా చేసి చూపించాలని ఆశ పుట్టింది. కాగితం మీద లేకపోయినా, గుర్తున్నదాన్ని నొక్కేశాను. చివర పెట్టెను తీసేసి మళ్ళీ పెట్టి చూసినా, రాసుకున్నది పోలేదు. పని నడిచింది. "అక్కా, ఒక్కసారి గూడ ఆగలే!" అని అరిచాను. విజయక్క లేచి వచ్చి నన్ను కావలించుకుంది. ఆ కాగితం దంతాలపల్లికి పోయింది.

అక్కడి ఆడపిల్లలు ప్రతి శనివారం ఊళ్ళోని బావుల దగ్గరకు పోయి, తాడుకు రాయి కట్టి నీళ్ళ లోతు కొలిచి, ఆ అంకెలను కంప్యూటరులో రాస్తూ వచ్చారు. వానాకాలంలో మొదలుపెట్టి చలికాలం దాకా రాశారు. అప్పుడు కొత్త రకం పెట్టె వచ్చింది. పాతది తీసేసి కొత్తది పెట్టుకోవాలి. లక్ష్మి టీచర్ కాగితం ప్రకారమే చేసింది. అంకెలన్నీ పోయాయి. పది రోజుల్లో మానుకోటలో సైన్స్ ప్రదర్శన ఉంది, పిల్లలు వాటినే చూపించాలి.

ఆమె ఫోన్ చేసినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. "మేడం, పోరగాండ్లు ఒక్కటే ఏడుపు. నేనేం తప్పు చేసిన్నో తెలుస్తలేదు" అంటున్నది. విజయక్క తన మూడు ప్రశ్నలు అడిగింది, కాగితం తీసి చూసింది, మొహం పాలిపోయింది. "తప్పు మీది గాదు టీచరమ్మా, నాది. ఒక లైను రాయలే" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. తరువాత తనలో తాను అనుకున్నట్టుగా, "మరి యాకమ్మకు ఎట్ల నడిచింది?" అంది.

నేను పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి కిందికి దిగాను. పొయ్యి మీద ఏమీ లేదు. వంటింట్లో కూర్చుని, చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. తప్పు తన మీదే వేసుకుంది కదా, ఇక అయిపోయింది కదా అనుకున్నాను. కానీ ఆమె మళ్ళీ కాగితం ఇస్తే ఏ మొహంతో చదువుతాను? ఎంతసేపు కూర్చున్నానో గానీ, లేచి మెట్లెక్కాను.

"అక్కా, ఆనాడు నేనాగిన."

ఆమె తలెత్తింది. కోపం లేదు. మెల్లగా అడిగింది. "ఏం చేసినవ్?"

"కాయిదం మీద లేనిది చేసిన. నువ్వు చేస్తుంటె చూసిన గద, యాదికున్నది."

"ఏమైతదనుకున్నవ్?"

"శభాష్ అంటవనుకున్న."

మూడో ప్రశ్న ఆమె అడగలేదు. చిట్టా తెరిచింది. లైను విడిచింది విజయ అని రాసింది. కనిపెట్టింది యాకమ్మ, జనగామ అని రాసింది.

"కనిపెట్టుడేంది అక్కా, దాచిపెట్టిన గద!"

"అదిగూడ రాస్త. నువ్వు సరే అంటెనే."

సరే అన్నాను. "రేపు పొద్దుగాల దంతాలపల్లి పోదాం, ఇద్దరికీ బువ్వ గట్టు" అంది.

తొర్రూరులో బస్సు మారి పోయాం. పిల్లల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. వెనుక వరుసలో ఒక పిల్ల, "మా అవ్వ గూడ గంతే, రాకున్నా వచ్చు అంటది" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏడుపూ వచ్చింది. అప్పుడిక అందరం పనిలో పడ్డాం. నోటు పుస్తకాల వెనుక అట్టల మీద, చీటీల మీద రాసుకున్నవి, ఒక పిల్ల అరచేతి నుంచి ఇంటి గోడ మీదికి ఎక్కించుకున్న అంకెలు కూడా దొరికాయి. నేను చదివాను, వాళ్ళు కంప్యూటరులో కొట్టారు. మూడు రోజులు వరుసగా పోయి వచ్చాం. అయినా ఆరు శనివారాల అంకెలు ఎక్కడా దొరకలేదు.

"అటిటు అంకెలు జూసి నడుమ అందాజగ ఏద్దాం టీచర్, ఎవలకు తెలుస్తది?" అంది ఒక తెలివైన పిల్ల. లక్ష్మి టీచర్ విజయక్క వైపు చూసింది. విజయక్క నా వైపు చూసింది.

"వద్దు బిడ్డా" అన్నాను. "ఖాళీగ ఇడువుండ్రి. ఎందుకు ఖాళీ ఉన్నదో కింద రాయుండ్రి. నా పేరు గూడ రాయుండ్రి."

అట్లాగే రాశారు. మానుకోటలో వాళ్ళకు బహుమతి రాలేదు. కానీ చూడవచ్చిన పెద్దాయన ఒకరు ఆ ఖాళీల దగ్గరే ఎక్కువసేపు నిలబడి, 'ఇవి చూసినంక మిగతా అంకెలు నమ్మబుద్ధయితున్నది' అన్నాడని లక్ష్మి టీచర్ ఫోన్ చేసి చెప్పింది. విజయక్క ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకుంది. ఆ వారమే ఇంకో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది.

తరువాత ఆమె మణికట్లు మరీ పట్టేశాయి. ఏడాదిపాటు ఇద్దరు మనుషులకు ఫోన్‌లో పని నేర్పి, అన్నీ రాసి అప్పజెప్పి, భూపాలపల్లిలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. పోయిన వానాకాలం అక్కడే కన్నుమూసింది. పదోరోజున నేను పోతే ఆ తమ్ముడు, "అక్క కొలువు ఇడిసిపెట్టి ఖాళీగ ఉంటుందనుకున్నం. ఏం చేసేదో మా ఇంట్ల ఎవలకు ఎరుకలేదమ్మా" అన్నాడు. తన ఫోన్ చూపించాడు. ఎక్కడెక్కడివాళ్ళో ఆమెను తలుచుకుంటూ రాసిన ఉత్తరాలు, ఎంత జరిపినా తరగలేదు. నేను కూర్చుని అంతా చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. ఎవరూ లేవలేదు.

ఆమె తరువాత పని చూసుకుంటున్నవాళ్ళు ఇప్పటికీ నాకు తెలుగు కాగితాలు పంపుతున్నారు. నేను ఆగుతూనే ఉన్నాను. ఆ అలవాటు కంప్యూటరు దగ్గరే ఉండిపోలేదు. పోయిన నెల జనగామ దవాఖానలో మందులిచ్చే కిటికీ ముందు వరుసలో నిలబడ్డాను. లోపలి మనిషి గడగడా చెప్తున్నాడు. పొద్దుగాల సగం, తిన్నంక ఒకటి, తెల్లది రోజు విడిచి రోజు. అందరూ తలూపి పోతున్నారు. నా వంతు వచ్చింది.

"జర ఆగు సారూ. తెల్లదాని కాడ నాకు సమజ్ గాలే."

"ఇప్పుడే చెప్పిన గదమ్మా?"

"చెప్పినవ్. నాకే రాలేదు. మల్లోసారి చెప్పు."

అతను విసుక్కున్నాడు గానీ, ఈసారి మెల్లగా చెప్తూ పొట్లం మీద గీతలు గీశాడు. నేను పక్కకు జరిగేసరికి, ఎప్పుడో మందులు తీసుకుని గుమ్మం దాకా పోయిన ముసలామె ఒకామె తిరిగి వచ్చి నా వెనుక నిలబడి ఉంది. కిటికీలోకి చెయ్యి పెట్టి తన పొట్లం చాపింది.

"నాది గూడ జర జెప్పు నాయినా."