కుడి పక్క కిటికీ

పంజాగుట్టలో ఒక ట్రావెల్ ఆఫీసులో కూర్చుని తొమ్మిదేళ్లు శ్రీలంకను అమ్మాను. ఒక్కసారీ చూడలేదు. అయినా హనీమూన్ జంటలకూ, రిటైరైన బ్యాంకు ఉద్యోగులకూ సొంత ఊరి గురించి చెప్పినట్టే చెప్పేదాన్ని. సిగిరియా బండ ఎండ ముదరకముందే ఎక్కాలి. నువారా ఎలియాలో స్వెట్టర్ ఉండాలి. తిమింగలాలను చూడాలంటే ఏప్రిల్ లోపే మిరిస్సా వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, క్యాండీలో రైలెక్కి నానుఓయ దాకా కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోవాలి. లోయలూ తేయాకు తోటలూ అటే. ఎడమ పక్క చాలా దూరం కొండను కోసిన గోడే. ఇదంతా వెళ్లొచ్చినవాళ్ల ఫోటోలు చూసి, వాళ్లను తవ్వి తవ్వి అడిగి నేర్చుకున్నది.

అక్కడి హోటళ్లవాళ్లు అప్పుడప్పుడూ మాలాంటి ఏజెంట్లను తమ ఖర్చుతోనే పిలిచి ఊళ్లన్నీ తిప్పుతారు. ఆ ఏడు మా ఆఫీసుకు ఒక్క సీటు వచ్చింది. నేను పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని సిద్ధంగా ఉన్నాను. మా సార్ ఆ సీటును బల్కంపేట నుంచి వచ్చే కొత్త పిల్లకిచ్చారు. తను చేరి ఐదు నెలలు.

"మీకు కళ్లు మూసుకున్నా దారి తెలుసు కదండీ. తెలియని పిల్ల వెళ్లి చూసొస్తే మనకు ఉపయోగం," అన్నారు.

పని బాగా నేర్చుకోవడమే నా కొంప ముంచింది. ఆ పిల్ల అమీర్‌పేటలో కొన్న ట్రాలీ బ్యాగు తెచ్చి, రంగు బాగుందా అక్కా అని అడిగింది. బాగుందని చెప్పి, బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చాను. కుళ్లు. దానికి ఇంకో మర్యాదైన పేరు వెతకను. వెళ్లాక తను స్టేటస్‌లో పెట్టిన ప్రతి ఫోటోనూ పెద్దది చేసి చూశాను. ఎక్కడైనా వాన పడి ట్రిప్పు పాడైతే బాగుండుననుకున్నాను.

మూడో రోజు పొద్దున క్యాండీ స్టేషన్ నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, రైలొస్తున్నది. మాది సీటు నంబర్లు లేని డబ్బా. నువ్వు అందరికీ చెప్తవు కదా, కుడా ఎడమా మర్చిపోయిన. జర జల్ది చెప్పు."

"ఎడమ పక్క," అన్నాను. గొంతు తడబడను కూడా లేదు. ఆ పూటంతా నాకు హాయిగానే ఉంది.

తిరిగొచ్చిన రోజు నా టేబుల్ మీద తేయాకు పొట్లం పెట్టింది. సముద్రం గురించి చెప్పింది, సిగిరియా మెట్ల గురించి చెప్పింది. రైలు సంగతి ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"ఏముందక్కా, మొత్తం గోడే కనవడ్డది," అని నవ్వింది. "అవతల కిటికీ కాడ ఒకామె జాగ ఉంది రమ్మని రెండుసార్లు పిలిచింది. నేను పోలే. మా అక్క చెప్పిందంటే గిటే మంచిగుంటది, జర ఆగితే వస్తదని, దిగేదాంక గట్లనే చూస్కుంట కూసున్న."