దశమి దాకా ఆగిన అర్జీ

మా తమ్ముడి అత్తగారు మొన్న గురువారం పోయారు. పొద్దున ఆరుంపావుకి మా వంటింట్లో కూర్చుని కిటికీ గురించి నాతో పోట్లాడారు. పదింటికి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్తయ్య లేవట్లేదు, ఒకసారి పైకి రా," అన్నాడు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళందరూ మట్టి ఎప్పుడని అడుగుతున్నారు. చెప్పడానికి తేదీ లేదు. ఎందుకు లేదో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ముందు ఆ పొద్దున సంగతి. అందులో విశేషమేమీ లేదు.

దోహాలో, ఉమ్ ఘువైలినాలో, ఒకే బిల్డింగులో మేం రెండో అంతస్తు, తమ్ముడు వాళ్ళు మూడు. నేను దీపం పెట్టి జపంలో కూర్చున్నాను. తలుపు అడుగున కాలితో తన్నిన చప్పుడు. ఆవిడ ఎప్పుడూ చేత్తో తట్టలేదు. ఒక చేతిలో నిమ్మచెక్క వేసిన టీ సీసా, ఇంకో చేతిలో ఏదో ఒక గిన్నె ఉండేవి. జపం మధ్యలో నేను లేవకూడదని ఆవిడకు తెలుసు. తెలిసే తన్నేవారు. లేచి తలుపు తీస్తే, "దేవుడి ముందు నుంచి ఎందుకు లేచావు?" అని నన్నే కోప్పడేవారు.

లోపలికొచ్చి బియ్యం డబ్బా మీద కూర్చున్నారు. పక్కనే కుర్చీ ఉంది. కుర్చీ ఆవిడ కంటికి ఆనదు. వేపుడుకని పెట్టిన బంగాళాదుంపలు లాక్కుని, చాకు తనవైపుకి తిప్పుకుని తొక్క తీయడం మొదలుపెట్టారు. నేను అప్పటికే తీసిన తొక్క ఒకటి ఎత్తి, వెలుతురుకి పెట్టి చూశారు. "ఇంత మందమా? ఇందులో ఇంకో కూర ఉంది వదినా," అన్నారు. తర్వాత లేచి, ఏసీ నడుస్తుండగా, కిటికీ బార్లా తెరిచారు.

"గాలి."

"అది గాలి కాదత్తయ్యా, పొయ్యి. మూసేయండి."

"మూసిన ఇంట్లో మనిషి పులుస్తాడు."

నేను మూశాను. ఆవిడ తెరిచారు. నేను మళ్ళీ మూశాను. టీ చివరి గుక్క తాగి, రోజూ అడిగేదే అడిగారు.

"పేపర్?"

"మాఫీ," అన్నాను. లేదని ఇక్కడి అరబీ మాట.

"రేపు?"

"ఏమో."

"ఏమో కాదు. రేపు," అని లేచి వెళ్ళిపోయారు. అదే నాతో చివరి మాట. పైకి వెళ్ళి సోఫాలో కూర్చున్నారట. కళ్ళజోడు కూడా తీయలేదు.

మా మాటలు ఇంత సాఫీగా నడిచేవని అనుకోకండి. సగం తెలుగు, సగం వాళ్ళ ఉక్రెయిన్ భాష, నడుమ అరబీ ముక్కలు, మిగిలింది చేతులు. ఇక్కడ తెలుగులోకి సర్ది రాస్తున్నాను. నన్ను వదినా అనేవారు. కూతురు అలా పిలవడం విని అదే నా పేరనుకున్నారు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దావిడ. తమ్ముడు సరిదిద్దబోతే నేనే వద్దన్నాను. అప్పటికే బిల్డింగులో సగంమందికి నేను వదిననే. కింద పిల్లులకు అన్నం పెడుతూ ఆవిడ చేసిన ప్రచారం అది.

మా తమ్ముడు వైద్యం చదువుతానని ఉక్రెయిన్ వెళ్ళాడు. ఖార్కివ్‌లో చదువు సగంలో వదిలేసి, అక్కడి అమ్మాయితో పెళ్ళి మాత్రం పూర్తి చేసుకుని వచ్చాడు. ఇక్కడొక క్లినిక్ ల్యాబులో పని. మరదలు నర్సు, తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. అక్కడ యుద్ధం మొదలయ్యాక తల్లిని దోహాకు తెచ్చుకుంది. ఆవిడ పెద్ద కూతురు తన చిన్నపిల్లను తీసుకుని ఇంగ్లండులో స్థిరపడిన మేనమామ దగ్గరికి వెళ్ళింది. యుద్ధంలో చిక్కుకున్న బంధువులను పిలిపించుకోవడానికి ఆ దేశం ఇచ్చిన కుటుంబ వీసా. మూడేళ్ళకి. తల్లిది ఇక్కడ, కూతురిది అక్కడ, ఎవరి కాగితం చూసినా తాత్కాలికమనే ఉండేది. "తాత్కాలికమన్నంత గట్టిగా ఏదీ అతుక్కోదు," అని ఆవిడ వాళ్ళ ఊరి సామెత చెప్పేవారు.

ఇక్కడి కాగితం కొన్నాళ్ళకోసారి పొడిగించుకోవాలి. కిందటిసారి ఇచ్చిందే ఈసారీ అడుగుతారు. అల్ దోహా అల్ జదీదా పేటలో నిర్మల్ వైపాయన ఒకడు ఫారాలు టైపు చేస్తాడు. నన్ను చూడగానే తల పట్టుకునేవాడు.

"మల్లొచ్చినవా అక్కా? పదేండ్ల సంది ఈడనే ఉన్న, ఈ అవ్వకున్నన్ని కాగితాలు నాకు లేవు."

"పేరు సరిగా పడలేదని వెనక్కి పంపారు. చూడు నాయనా."

"పేరు మూడు ముక్కలున్నది. డబ్బలు రెండే ఉన్నయ్. నడిమిట్లది తీసేస్త, ఖలాస్."

తమ్ముడు ఆ మాట చెప్పగానే ఆవిడ బల్లమీద అరచెయ్యి వేశారు. నడిమి ముక్క వాళ్ళ నాన్న పేరు. "ఆయన్ని తీసేస్తే నేనెవరి కూతుర్ని? డబ్బాను పెద్దది చేయమను."

"యల్లా, కానియ్, అవ్వ మాటే," అని ఆయన ఒక డబ్బాలో రెండు పేర్లు ఇరికించాడు. అది వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ ఇరికించాడు. మూడోసారికి పట్టింది. ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పలేదు.

ఆవిడతో వేగడం తేలికని నేననను. మా బాల్కనీలో నూనె డబ్బాల్లో సోయికూర, గట్టు నిండా ఉప్పునీళ్ళలో ఊరే దోసకాయల సీసాలు. ఒకటి పేలి నా ఆరేసిన చీర పాడయింది. నా ఇత్తడి దీపం సోడాతో తోమి, బొట్టు కూడా లేకుండా తెచ్చి ఎదురుగా పెట్టేవారు. "దేవుడికి మకిలి ఎందుకు?" నేను మళ్ళీ బొట్టు పెట్టేదాన్ని. ఆవిడ మళ్ళీ తోమేవారు.

నాకు పిత్తాశయం ఆపరేషన్ అన్నరోజు ఇంకో గొడవ. వాళ్ళ పద్ధతిలో ప్రయాణానికి ముందు ఇంట్లోవాళ్ళందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలట. కింద ట్యాక్సీవాడు హారన్ కొడుతున్నాడు. "మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఈ కూర్చోడమేంటండీ," అని మా ఆయన పళ్ళు కొరికారు. ఆవిడ కదల్లేదు. నిమిషం అయ్యాకే లేవనిచ్చారు. ఆసుపత్రి నుంచి వచ్చాక పది రోజులు నేను మంచం దిగలేదు. రోజూ బీట్‌రూట్ చారు కాచి తెచ్చి, ఇల్లు తుడిచి, వెళ్ళిపోయేవారు. ఒక పొద్దున కళ్ళు తెరిస్తే దేవుడి మూల వెలుగుతోంది. దీపానికి బొట్టు పెట్టి, నేను వేసినట్టే రెండు వత్తులు వేసి, ఎదురుగా నిలబడి తన పద్ధతిలో దణ్ణం పెట్టుకుంటున్నారు. మంత్రం ఆవిడది, దేవుడు నావాడు. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆ పది రోజులూ నా ఇంట్లో దీపం ఆగలేదు. ఆ సంగతి ఆవిడ నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కృతజ్ఞత చెప్తే విసుక్కునే మనిషి.

ఇక నా తప్పు. దాన్ని దాటేసి ఆవిణ్ణి పొగిడితే అది అబద్ధం.

ఆవిడకు పెద్ద కూతురి దగ్గరికి వెళ్ళాలని ఉండేది. చిన్నదానికి మొగుడున్నాడు, అత్తవారున్నారు. పెద్దది ఒంటరిది. పనికి వెళ్తూ పిల్లను చూసుకోలేక ఫోన్లో ఏడ్చేది. ఇంగ్లండులో ఆవిడ తమ్ముడు స్పాన్సర్‌గా ఉంటానని కాగితాలు పంపాడు. జనన పత్రాలు, వాటికి అనువాదాలు, అనువదించినవాళ్ళ ముద్రలు. ఒకటి వచ్చేసరికి ఇంకోదానికి గడువు దాటేది. నెలలు పట్టింది. ఒక శనివారం, సెలవు రోజు, తమ్ముడు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు.

"అక్కా, పంపేయనా?"

గోడ మీది క్యాలెండరు చూశాను. "ఇవాళ అష్టమి. రేపు నవమి. సోమవారం దశమి, మంచిది. డ్యూటీ నుంచి వచ్చి పంపు."

"రెండు రోజులేగా, సరే," అన్నాడు. మరదలు నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. అత్తయ్య ఏమిటని అడిగితే తమ్ముడు చెప్పాడు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. శ్రద్ధగా విన్నారు.

"మా వైపు సోమవారం బరువైన రోజు. ఏదీ మొదలుపెట్టరు," అన్నారు.

ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి ఆవిడే తగ్గారు. "దేవుడి సంగతి నీకు ఎక్కువ తెలుసు. నీ రోజే కానివ్వు."

సోమవారం సాయంత్రం ఆరున్నరకు తమ్ముడు వచ్చి, కాళ్ళు కడుక్కుని, పేజీ తెరిచాడు. ఆ వీసాకు కొత్త అర్జీలు తీసుకోవడం లేదని ఉంది. ఆ రోజు నుంచే. అరగంట క్రితం ఆపేశారట. ముందుగా ఎవరికీ చెప్పలేదు. వాడు ఆ పేజీని మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు, తలుపు బిగుసుకుంది కాబోలన్నట్టు.

"శనివారం పంపుంటే అయిపోయేది," అంది మరదలు. నాకు అర్థం కావాలనే తెలుగులో అంది. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెది న్యాయమే.

మర్నాడు ఆరుంపావుకి తలుపు మీద కాలి చప్పుడు. నేను జపంలో లేను. కూర్చోబుద్ధి కాలేదు. ఆవిడ లోపలికొచ్చి చీకటిగా ఉన్న దేవుడి మూల చూశారు.

"ఏం, దేవుడికీ వీసా అయిపోయిందా?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, విసుక్కున్నారు. "నీ అష్టమిదీ తప్పు కాదు, నా సోమవారానిదీ కాదు. తలుపేసేవాళ్ళు ఎవరి పంచాంగమూ చూడరు. లేచి దీపం పెట్టు."

పెట్టాను. ఆవిడ కోసం పెట్టాను, దేవుడికి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

ఇంకో దారి ఉందన్నారు. ఇంట్లో ఖాళీ గది చూపించగలిగినవాళ్ళు పిలిపించుకోవచ్చట. ఆవిడ తమ్ముడింట్లో అదనంగా ఉన్నది ఒక్కటే గది. అందులో ఆవిడ కూతురూ మనవరాలూ ఉన్నారు. కూతురు ఉన్నందుకు తల్లికి చోటు లేదు. ఇలాంటి నియమం ఎవరు కూర్చుని రాస్తారో చూడాలని నాకు కోరిక. నాకు కోపం తక్కువ. ఆ రోజు మాత్రం జపమాల పక్కన పెట్టి వంటింట్లో గిన్నెలు తోమాను, కడిగినవే మళ్ళీ తోమాను.

సరే, తల్లి వెళ్ళలేదు కనుక కూతురే దోహాకు వచ్చి చూసి వెళ్తుందనుకున్నాం. ఆలోగా ఆమె మూడేళ్ళూ నిండాయి. పొడిగించమని అర్జీ పెట్టుకుంది. జవాబు రాకుండా దేశం దాటితే ఆ అర్జీ రద్దవుతుందట. అందుకని జవాబు కోసం ఆమె అక్కడ, ఆవిడ ఇక్కడ. ప్రతి పొద్దునా టీ సీసా ఖాళీ చేసి అడిగిన పేపర్ అదే.

గురువారం సాయంత్రం తమ్ముడింట్లో కూర్చున్నాం. ఆవిణ్ణి అప్పటికే ఆసుపత్రి మార్చురీకి చేర్చారు. ఫోన్ తెరమీద పెద్దమ్మాయి. ఆమె మాటలు తమ్ముడు మాకు తెలుగు చేసి చెప్తున్నాడు.

"వస్తానంటోంది. టికెట్టు కూడా చూసిందట."

"మరి అర్జీ?" అన్నారు మా ఆయన.

"పోతే పోనీ అంటోంది."

"పోతే పిల్లనేసుకుని ఎక్కడికెళ్తుంది? బాంబుల కిందకా?" మరదలు ఫోన్ లాక్కుని వాళ్ళ భాషలో అరిచింది. అవతల నుంచీ అరుపే. ఇద్దరూ ఒక్కసారే ఆగి, ఒక్కసారే ఏడ్చారు.

మా ఆయన మెల్లిగా, "ఇక్కడ క్రైస్తవుల శ్మశానం ఉందమ్మా. అక్కడ చేసేద్దాం. మీ అక్క ఫోన్లో చూస్తుంది. ఈ మధ్య అందరూ అలాగే..." అన్నారు.

"మూడేళ్ళూ ఫోన్లోనే చూసింది అన్నయ్యగారూ," అంది మరదలు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "పెద్దదానివి. నువ్వు చెప్పక్కా."

ఆగుదాం అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ నా నోటినుంచి రావడమంటే నాకు భయం. ఫోన్లో ఆ అమ్మాయి కూడా నా కోసమే చూస్తోంది. వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది, వదిన అని ఒకతె ఉందని.

"రావద్దని చెప్పు," అన్నాను. "ఆ కాగితం వదులుకోవద్దని చెప్పు. ఈసారి మనమే ఆగుదాం."

తమ్ముడు చెప్పాడు. మరదలు వచ్చి నా పక్కన కూర్చుంది.

అలా అనుకున్నాం. మార్చురీలో ఎన్నాళ్ళు ఉంచుతారో తమ్ముడు ఆదివారం వెళ్ళి కనుక్కోవాలి. గడువు దాటేలా ఉంటే, పొడిగించమని అక్కడా అర్జీ పెట్టుకోవాలి. అక్కడికి విమానాలు లేవు కనుక ఆవిణ్ణి పోలండు మీదుగా సొంతూరికి పంపాలన్న మాట ఇక ఎవరూ ఎత్తకూడదు. మట్టి ఇక్కడే, పెద్దమ్మాయి వచ్చాకే, మొదటి పిడికెడు ఆమె చేతే. వాళ్ళకు తొమ్మిదో రోజు, నలభయ్యో రోజు ఉన్నాయి. మాకు పదకొండో రోజు ఉంది. ఏ లెక్కా గురువారం నుంచి పెట్టకూడదని, ఆ అమ్మాయి దోహాలో విమానం దిగిన రోజునే ఒకటో రోజు అనుకోవాలని అందరం ఒప్పుకున్నాం.