తిరగేసిన గొడుగు

మా మేడమ్ పోయారని పోయిన వారం పొద్దున ఫోనొచ్చింది. చిత్తూరు కాలేజీలో పిల్లలకు సాలీడు కాళ్లు చూపిస్తున్నాను. ఫోను పెట్టేశాక ఏం చెబుతున్నానో మర్చిపోయాను. తిరుపతిలో నాకు పరిశోధన నేర్పిన మనిషి ఆమె. నాలుగు ముక్కలు రాస్తే తప్ప మనసు నిలిచేలా లేదు.

ఆమె పురుగులను పట్టే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కొండ కింద మండుటెండలో నల్ల గొడుగు తెరిచి, తలకిందులుగా కొమ్మ కింద పట్టి, కర్రతో మెల్లగా తట్టేవారు. సాలీళ్లు, చీమలు, ఏవేవో పురుగులు గొడుగులోకి రాలిపడేవి. తిరుచానూరుకు పూలు తీసుకుపోతున్న ఒకామె ఆగి, "ఏమ్మా, నెత్తి మాడిపోతాంటే గొడుగు తిరగేసి పట్టినావే!" అంది. మేడమ్ ఎంత నవ్వారో!

చూడడం అయ్యాక వాటిని ఆ కొమ్మకే దింపేవారు. ఆఖరిది పోయేదాకా గొడుగు ముడిచేవారు కాదు. నేను తొందరపడితే, "ఉండు. వాళ్లింటికి మనం వచ్చినాం. ఇంట్లో దింపే పోవల్ల" అనేవారు. క్లాసులోనూ ఆమెది మా సీమ మాటే. "పేరు తెలిస్తే సాలదు. యాడుంటాది, ఏం తింటాది, ఎవురికి భయపడతాది, అన్నీ కలిపి సూస్తేనే దాన్ని సూసినట్టు."

మా నాయనకు ఈ చదువు బొత్తిగా ఇష్టం లేదు. పాకాల దగ్గర మాకు మామిడితోట ఉంది. "పురుగులకు మందు కొట్టేవాళ్లం మనం. నువ్వు వాటిని సదువుతానంటావా? సాలు, బీఈడీ సేసుకో" అని మాన్పించబోయాడు. ఏడుస్తూ మేడమ్‌కు చెప్పుకున్నాను. ఆదివారం గొడుగు చంకన పెట్టుకుని పాకాలలో బస్సు దిగారు.

పూత మీదున్న కొమ్మను తట్టారు. పూతను పాడుచేసే తేనెమంచు పురుగులు రాలాయి, వాటితో పాటు సాలీళ్లూ. ఒక సాలీడు మా కళ్లముందే ఒక పురుగు మీదికి దూకి పట్టేసింది.

"సూడన్నా, నీ తోటకు కాపలా. నీ మందుకు ఇదీ సస్తాది" అన్నారు.

నాయన ఒప్పుకున్నట్టు కనబడలేదు. ఆ సాలీడు కొమ్మెక్కేదాకా చూసి, "నా కూతురు ఎండకు నల్లబడతాది. దానికీ ఒక గొడుగు ఇప్పించు మేడమ్మా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఆమె రాకపోయుంటే, ఇవాళ నా చదువూ లేదు, నా పాఠమూ లేదు.

పోయిన వారం ఆమెను ఆఖరిసారి సాగనంపి పాకాల వెళ్లాను. అప్పుడు మేడమ్ నాకు ఇప్పించిన గొడుగును నాయన నా చేతిలోంచి అందుకున్నాడు. తోటలోకి నడిచాడు. కొమ్మ తట్టాడు. రాలినవన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ఒక చిన్న సాలీడు మాత్రం గొడుగు ఊచకు దారం కట్టుకుని కూర్చుంది.

"ఎండగా ఉంది నాయనా, ముడిచెయ్యి" అన్నాను.

"ఉండుమ్మా. ఇదొకటి ఇంగా ఇంటికి పోలేదు."

బట్టతల మీద ఎండ కాస్తుంటే, తిరగేసిన గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.