ఒకటో నంబరు కంప్యూటరు

మచిలీపట్నంలో రొయ్యల మేత అమ్మే ఆఫీసులో పనిచేసిన రెండేళ్లలో నేను ఒకే ఒక్కసారి నోరు తెరిచి ‘చెయ్యను’ అన్నాను. డైరీలో మాత్రం రోజూ అనేదాన్ని.

అక్కడ ఏడు కంప్యూటర్లు ఉండేవి. గుడివాడలో మూడు నెలలు కోర్సు చేసి వచ్చానని వాటన్నిటినీ కలిపి నడిపే పని నాకు అప్పజెప్పారు. ఒక్కోదానికి ఒక పేరు, ఒక నంబరు ఉండాలి. ఒకే నంబరు రెండింటికి పడితే, తర్వాత ఆన్ చేసినది మిగతావాటికి అందదు. నేను చేరేనాటికి మూడింటికి ఒకటే పేరు. దేనికి ఏ నంబరుందో ఎవరికీ తెలియదు. అన్నీ సరిచేయడానికి నాకు నెల పట్టింది. స్టాకు వివరాలు, బిల్లులు ఉండే పాత కంప్యూటరుకు ఒకటో నంబరు ఇచ్చాను, మిగతా ఆరూ దాన్నే వెతుక్కుంటాయి కాబట్టి. ఆ ఆరింటికీ గుమ్మం దగ్గర్నుంచి సీట్ల వరసలో పదకొండు నుంచి పదహారు దాకా ఇచ్చాను. జాబితా టైపు చేసి గోడకు అంటించాను. నా పనిని నలుగురికీ కనిపించేలా పెట్టడం నాకదే మొదటిసారి.

మేనేజరుగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఆ పాత కంప్యూటరు నా బల్ల పక్కనే ఉండేది.

“ఏమ్మా, ఈ ఆఫీసులో నంబర్ వన్ నువ్వా?”

అందరూ నవ్వారు.

“అది నాది కాదండీ, స్టాకుది. నాది పన్నెండు.”

“మరి నాకు పదహారేంటి? అటెండెన్స్ రిజిస్టర్లో మొదటి పేరెవరిది?”

ఆ ఆఫీసులో టీ గ్లాసు కూడా ఆ రిజిస్టరు వరసలోనే తిరిగేది. ఇది పెద్దరికం కాదు, ఇంటి నంబరు లాంటిదని చెప్పబోయాను. ఆ మాట రాత్రి డైరీలో రాసుకున్నాను.

మర్నాడు ఆయన నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. నేను స్టాకు కంప్యూటరు ఆన్ చేస్తే, ఈ నంబరు ఇప్పటికే ఇంకొకరి దగ్గర ఉందని తెర మీద పడింది. ఎవరి దగ్గరా బిల్లు రావడం లేదు. నాగాయలంక వెళ్లాల్సిన మేత లారీ లోడుతో బయట నిలబడి ఉంది. అవనిగడ్డ డీలరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఓనరుగారు లోపలికి వచ్చారు.

“ఆడపిల్లకి అప్పజెప్తే ఇంతేనండీ,” అన్నారు మేనేజరుగారు, నా ఎదుటే. “గుడివాడ నుంచి ఎవరన్నా మగమనిషిని పిలిపిద్దాం. ఈ అమ్మాయిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టండి.”

నేను ఒక్కో కంప్యూటరూ చూసుకుంటూ వెళ్లాను. ఆఖరిది ఆయనది. అందులో పదహారు లేదు. ఒకటి ఉంది.

“ఇదెవరు మార్చారండీ?”

“నేనే. నువ్వు చేస్తుంటే చూశాగా. అదేమన్నా బ్రహ్మవిద్యా?”

ఆయన కాస్తయినా తడబడతారనుకున్నాను. లేదు. ఓనరుగారు పైగా నవ్వారు.

“పెద్దాయన ముచ్చటపడ్డారు, ఇచ్చెయ్యమ్మా. ఆ స్టాకు దానికి ఇంకోటి పెట్టు. అదేమన్నా అలుగుద్దా?”

ఇస్తే మిగతా వాటన్నిటిలో మళ్లీ మార్చాలి. రేపు క్యాషియరుగారు రెండు అడుగుతారు. నా నెల రోజుల పని వీళ్లకి పంక్తిలో ఎవరు ముందు కూర్చోవాలనే గొడవ.

“చెయ్యనండీ,” అన్నాను. “గోడ మీద ఉన్నట్టు ఉంచితేనే ఈ పని నేను చూస్తాను. లేకపోతే ఆ మగమనిషినే పిలిపించండి.”

ఎవరూ నవ్వలేదు. బయట లారీ డ్రైవరు హారన్ నొక్కాడు. ఓనరుగారు అటు చూసి, వాచీ చూసుకున్నారు.

“సర్లెండి, ఆ పదహారే పెట్టించుకోండి,” అన్నారు మేనేజరుగారితో. “ముందు లారీ కదలాలి.”

నా మాట సబబని కాదు, లారీ కదలాలని. పదహారు కొట్టాను. పాతదాన్ని ఆపి మళ్లీ ఆన్ చేశాను. బిల్లు వచ్చింది, ఓనరుగారు అది పట్టుకుని వెళ్లిపోయారు. ఆడపిల్లని అన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మేనేజరుగారు తన కుర్చీలో కూర్చుంటూ, ఇంతసేపు నన్ను తన బల్ల దగ్గర నిలబడనిచ్చినందుకు థాంక్స్ చెప్పమన్నట్టు చూశారు. నేను చెప్పలేదు.