నేను కూర్చోని గంట

ఈ మధ్య నేను ఫోన్‌లో ఒక జెన్ సాధన గుంపులో చేరాను. పొద్దున్నే ధ్యానానికి కూర్చుని, ఎలా గడిచిందో అందులో రాయాలి. చాలామంది నలభై నిమిషాలని, గంట అని రాస్తారు. నేను మాత్రం "ఇవాళ నాలుగు దాకా వెళ్లాను" అని రాస్తాను. పెద్దావిడకు ఎంత వినయమో అని వాళ్లు మెచ్చుకుంటారు. వినయం నా ఒంట్లో ఏనాడూ లేదు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఒకసారి గట్టిగా వాత పడింది, అంతే.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమంతో పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. నేను పుస్తకాల పెట్టెతో మొయినాబాద్‌కు తిరిగొచ్చి, ఇంట్లో అందరి మీదా విసుక్కుంటూ రోజులు గడుపుతున్నాను. అప్పుడే చేవెళ్ల బళ్లో నాకు డ్రిల్లు నేర్పిన మాస్టారు కబురు పెట్టారు. ఆయన రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫౌజుతో జపాన్ వెళ్లి ఏడాది ఉన్నారు. అక్కడ ఒక ముసలి సన్యాసి దగ్గర గోడకు ఎదురుగా కూర్చోవడం నేర్చుకున్నారు. జన్మంతా పిల్లల్ని ఉరికించిన మనిషి, మమ్మల్ని కదలకుండా కూర్చోమన్నారు! ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మధ్యలో తప్పితే మళ్లీ ఒకటి.

మేం నలుగురం: మాస్టారు, షాబాద్ రైతు ఒకాయన, చేవెళ్ల దవాఖానలో నర్సమ్మ, నేను. తరచూ కలుసుకునే వీల్లేక ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. బస్సు కండక్టర్ల చేతుల మీదుగా అది మా నలుగురి మధ్యా తిరిగేది. ఎవరి సాధన వాళ్లు రాసుకోవాలి, ఇంకొకరికి సలహా చెప్పకూడదు. మాస్టారు పెట్టిన నియమం అదొక్కటే.

నా రాతలు మహా అందంగా ఉండేవి. "గంట కూర్చున్నాను. మనసు గాలి లేనప్పటి బావినీళ్లలా నిలిచింది" అని రాసేదాన్ని. నిజానికి ఐదు నిమిషాలకే లేచి, ఎక్కడ ఏం జరిగిందోనని రేడియో తిప్పేదాన్ని. షాబాద్ ఆయన తనకంటే తన ఎడ్లే నయమని రాసేవారు. నర్సమ్మ మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకటే మాట: "మూడు దాక పోయిన." అది చదివి నేను నవ్వుకునేదాన్ని.

ఒకసారి నోటుబుక్కు వచ్చేసరికి ఆమె పేజీలో ఇలా ఉంది: "మొయినాబాద్ చెల్లె గంట కూసుంటున్నది. మూడు నెలల సంది నాకు మూడు దాటుతలేదు. ఇది నాతోని అయ్యేది కాదు. ఇగ నాకు నోటుబుక్కు పంపకుండ్రి." దాని కింద మాస్టారు తన నియమం తప్పకుండా "ఇవాళ కూర్చున్నాను" అని మాత్రం రాశారు.

 లాఠీ దెబ్బలు తిన్న పిల్లల తలలకు కట్లు కట్టాక చేతులు వణుకుతాయని, కాసేపు కూర్చుంటే ఆ వణుకు తగ్గుతుందని ఆమె ఒకసారి రాసింది. ఆమెకున్న ఆ ఒక్క ఆసరా నా గొప్పల వల్ల పోతోంది.

అప్పుడే బస్సులూ బంద్ అయ్యాయి. పట్నం దారి మూసుకుపోవడంతో మా బాపు వంకాయల బండిని చేవెళ్ల అంగడికే తోలుతున్నాడు. నోటుబుక్కు పట్టుకుని ఆ బండి మీద నేనూ వెళ్లాను. నర్సమ్మ దవాఖాన అరుగు మీద ఉతికిన కట్టుగుడ్డలు చుడుతోంది.

"అక్కా, నేను ఒక్కనాడు గూడ గంట కూసోలే. అన్నీ అబద్ధాలే రాసిన" అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చేతిలోని గుడ్డ చుట్టడం పూర్తిచేసి పక్కన పెట్టింది.

"నీ రాత సదివి, నాలనే ఏదో లోపమున్నదనుకున్న" అంది. తర్వాత కాస్త జరిగి చోటిచ్చింది. "దా, కూసో."

ఇద్దరం గోడవైపు తిరిగి కూర్చున్నాం. కాసేపటికి లోపల ఎవరో నీళ్లడిగారు. ఆమె లేచి వెళ్లి ఇచ్చి వచ్చి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అంతలో ఇంకెవరో మూలిగారు. మళ్లీ లేచింది, మళ్లీ వచ్చింది. ఆ కాసేపట్లో ఆరుసార్లు లేచింది. ఆరుసార్లూ విసుగన్నది లేకుండా వచ్చి గోడ ముందు కూర్చుంది. ఆమె మూడంటే ఏమిటో నాకు అప్పటికి గాని తెలియలేదు. నన్నెవరూ పిలవలేదు. అయినా నేను రెండు దాటలేకపోయాను. ఆమె పక్కన కూర్చోగలిగినందుకు మాత్రం ఇప్పటికీ గర్వపడతాను.

నోటుబుక్కు తెరిచి, "రెండు. ఇంతకుముందు రాసిన గంటలన్నీ అబద్ధం" అని రాసి ఆమె ముందు పెట్టాను. ఆమె చదివింది. తర్వాత పెన్ను తీసుకుని దాని కింద "మూడు" అని రాసింది. ఇంతలో లోపలి నుంచి పిలుపు వినబడితే, నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి లేచి వెళ్లింది.