పిట్ట తల్లిగారింటికి పోయిన ఏడు

మా అత్తకు లోకంలో నచ్చిన ప్రాణి ఒక్కటే. అది నేను కాదు, ఆమె కన్న కొడుకూ కాదు. షోలాపూర్ భవాని పేట్‌లో మా ఇంటి వెనక మడుగు గట్టున తిరిగే ఒక కుంటి పిట్ట. పిడికెడంత ఉండేది. పైన మట్టిరంగు, పొట్ట తెలుపు. నడిచినా నిలబడినా తోక ఊపుతూనే ఉండేది. ఒక కాలికి వేళ్లు సరిగా లేవు, అందుకే ఏటా వచ్చేది అదే పిట్టని అందరికీ తెలుసు. శ్రావణంలో దిగి, ఎండలు ముదిరేదాకా ఉండేది.

నేతగాళ్ల పేట కాబట్టి ప్రతి ఇంట్లో నూలుకు పెట్టిన గంజి కారి ఆ మడుగులోకే పోయేది. గంజికి పురుగులు చేరేవి, పురుగుల కోసం పిట్ట వచ్చేది. మా అత్త లెక్క వేరు. "మన గంజికి మరిగింది, ఇంకేడికి పోతది?" అనేది. ఎండకాలం కనబడకపోతే పాడుబడ్డ మగ్గం గుంటలో దూరి కప్పలెక్క పండుకున్నదని ఆమె నమ్మకం. బతుకంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లకు, ఏ ప్రాణి అయినా చివరికి అందులోనే చేరుతుందని అనిపించడం వింతేమీ కాదు. రోజూ గట్టు మీద గుప్పెడు అన్నం వేసేది. పిట్ట ముట్టేది కాదు. మా అత్త చేతి అన్నానికి వంక పెట్టి కూడా తిట్లు తినకుండా బతికిన ప్రాణి అదొక్కటే.

కాపురానికి వచ్చిన రెండో ఏడు నేను నీళ్లు పోసుకున్నాను. జర్మనోళ్లతో పెద్ద లడాయి ఇంకా మొదలుకాలేదు. మా తల్లిగారిల్లు ఓరుగల్లు దిక్కు. తొలి కాన్పు తల్లిగారింట్లో చేయడం మావాళ్ల ఆచారం, అడుక్కుని తెచ్చుకునేది కాదు. నేను మాత్రం అడుక్కోవలసి వచ్చింది. నాకు ఆచారం మీద పెద్ద భక్తి ఏమీ లేదు. కాన్పంటే భయం. ఆ భయం చెప్పుకోవడానికి అమ్మ కావాలి. అంతే.

"నువ్వు పోతే కండెలెవరు చుట్టాలె? మీ అయ్యనా?" అంది అత్త. ఇంట్లో రెండు మగ్గాలు, రెంటికీ నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది నేనే. "షోలాపూర్ వచ్చినంక ఆ ముచ్చట్లన్నీ బంద్. నేను నా పిల్లలందర్ని ఈ మగ్గం పక్కనే కన్న. ఆ పిట్టను చూసి బుద్ధి తెచ్చుకో. కుంటిదైనా ఇల్లు ఇడిచి పోదు."

మా ఆయన దిక్కు చూశాను. ఆయన నాడె ఇంకా జోరుగా విసిరాడు. మగ్గం చప్పుడు మగవాళ్లకు దేవుడిచ్చిన వరం, ఇష్టం లేని మాట ఒక్కటీ వినబడదు. తోడికోడలికి ఓడిపోతే నలుగురికి చెప్పుకోవచ్చు, పిట్టకు ఓడిపోయానని ఎవరితో చెప్పుకోను?

శివరాత్రి వెళ్లిన కొత్తలో ఒక పొద్దున అత్తా నేనూ మడుగులో నూలు జాడిస్తున్నాం. అవతలి గట్టున కోటు, టోపీ వేసుకున్న మనిషి ఒకడు బురదలో బోర్లా పడుకుని, కంటికి దుర్బిన్ పెట్టుకుని మా దిక్కే చూస్తున్నాడు. అత్త నూలు ఆరేసే వెదురు కర్ర గుంజుకుని మడుగు చుట్టూ ఉరికింది.

"ఆడోళ్లు నూలు జాడిస్తుంటె దుర్బిన్ పెట్టి చూస్తవా, బద్మాష్!"

"ఓ బాయీ, పక్షి బఘతోయ్, పక్షి!" అని, పిట్టను చూస్తున్నానని మరాఠీలో మొత్తుకుంటూ అతను మోకాళ్ల మీద లేచాడు. ఆ కేకకు పిట్ట తుర్రుమంది. కర్ర నెత్తి మీదికి వస్తున్నా అతను కర్రను చూడలేదు. అయ్యో అంటూ పిట్ట పోయిన దిక్కే చూశాడు. అప్పుడు అత్త కర్ర దించింది. దెబ్బ పడేటప్పుడు కూడా పిట్టనే చూసేవాడు దొంగ కాడని తర్వాత మాకు చెప్పింది.

అతను మరాఠీ బడి మాస్తర్. అత్త మర్యాదగా చెంబెడు నీళ్లిచ్చి, ఆ పిట్ట మాదేనని తనకొచ్చిన మరాఠీలో గొప్పగా చెప్పుకుంది. మాస్తర్ నవ్వాడు. అది ఎండలు ముదరగానే వెళ్లిపోతుందనీ, హిమాలయాలు దాటి ఎక్కడో మంచు దేశాల్లో ఏటి ఒడ్డున గుడ్లు పెట్టి, పిల్లలు పెద్దవయ్యాక వానలతో తిరిగొస్తుందనీ చెప్పాడు.

"గంత దూరం ఎందుకు? ఈడ గుడ్లు పెడితె ఏమైతది? నీళ్లు లేవా, గంజి లేదా?" అని అత్త గట్టిగానే నిలదీసింది.

"తేచ్ తిచం మాహేర్, బాయీ," అన్నాడు మాస్తర్.

మాహేర్ అంటే తల్లిగారిల్లు. అదే దాని తల్లిగారిల్లు అన్నాడు. మరాఠీ ఇంకేం రాకపోయినా, షోలాపూర్‌లో ఆ మాట తెలియని ఆడది లేదు. నేను తడి నూలు పట్టుకుని అత్త ముఖం చూశాను, అంతే. కడుపులో పిల్ల కూడా నా తరఫున ఒక తన్ను తన్నింది.

"కుంటికాలితోనా?" అంది అత్త.

"పోయేది రెక్కలతో కదా," అన్నాడు మాస్తర్.

ఆ రోజంతా అత్త నోరు తెరవలేదు. ఇల్లు అంత నెమ్మదిగా ఉండేసరికి మామ మగ్గం ఆపి, జ్వరమేమోనని వచ్చి చూసిపోయాడు. మాపటికి జొన్నరొట్టెలు కాలుస్తూ, పొయ్యితో చెప్పినట్టు చెప్పింది: "నా మొదటి కాన్పప్పుడు నన్ను కన్న అవ్వ నన్ను తోల్కరమ్మని మనిషిని తోలింది. మీ మామ పంపలే. కండెలెవరు చుట్టాలె అన్నడు."

ఆమె మీద కోపం పోగొట్టుకోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అయినా పోయింది.

మర్నాడు మామతో, "పిల్లను నేనే తోల్కపోత. కడుపుతోనున్నదాన్ని ఒక్కదాన్ని పంపుతమా?" అంది. "మరి కండెలు?" అన్నాడు మామ. "చేతులు లేవా?" అంది అత్త.

వాడి జంక్షన్‌లో ఒక రైలు మారి, సికింద్రాబాద్‌లో ఇంకో రైలు మారి, దిగినచోట ఎద్దుల బండి కట్టించుకుని మా ఊరు చేరాం. దారి పొడుగునా నన్ను తిట్టి, కిటికీ పక్కన మాత్రం నన్నే కూర్చోబెట్టింది. మా అమ్మకు నన్ను ఒప్పజెప్పి, ఎద్దులను కూడా విప్పనీయకుండా, అదే బండిలో రెండు కోసుల అవతలున్న తన తల్లిగారింటికి పోయింది. "నాలుగు దినాలుండి షోలాపూర్ పోత," అంది.

నాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మూడో నెల నిండాక మామ నన్ను తోల్కపోవడానికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వేళ్ల నిండా నూలు కోసిన గీతలు. "మీ అత్త ఏది?" అన్నాడు, పిల్లను చూడకముందే. అత్త ఇంకా తన తల్లిగారింట్లోనే ఉందని మా అమ్మ నవ్వు దాచుకుంటూ చెప్పింది. పిల్లను ఎత్తుకుని నేనూ మామ వెంట పోయాను.

వాకిట్లో అత్త నెరిసిన జుట్టు విరబోసుకుని చిన్నపిల్లలా కూర్చుని ఉంది. కళ్లు సరిగా ఆనని వాళ్ల అవ్వ వెనక కూర్చుని, నూనె రాసి దువ్వుతోంది. మా అత్తకు కూడా ఒక తల్లి ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టనేలేదు. మామను చూసి అత్త లేవబోయింది. ముసలామె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"తోల్కపోను వచ్చిన," అన్నాడు మామ.

"ఒక్క కాన్పుకైన తోలినవా నా బిడ్డను?" అంది ముసలామె. "ఇప్పుడు అన్ని కాన్పులకు కలిపి ఉంచుకుంట. కూసో."

మామ సాయం కోసం నా దిక్కు చూశాడు. నేను నా పిల్ల దిక్కు చూసుకున్నాను. ఆయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. అత్త నవ్వబోయి, నవ్వలేక ఏడ్చింది. ముసలామె దువ్వడం ఆపలేదు.