కాబోయే మావగారితో గాలం వేట

ఆ రోజుల్లో కౌలాలంపూర్‌కి అవతల మా సుంగై సిపుట్ రబ్బరు ఎస్టేట్లలో పిల్లనడగాలంటే జాతకాలకంటే ముందు కాబోయే మావగారి పిచ్చి ఏమిటో కనుక్కోవాలి. ఒకాయనకి పేకాట, ఒకాయనకి కోడిపుంజులు. నా ఖర్మకొద్దీ నాకు తగిలినాయనకి గాలం. ఎస్టేటంతా ఆయన్ని కొర్రమీను మావ అనేది. ఆయన కూతురు మా ఆఫీసు ఎదురుగా ఉన్న బడిలో పంతులమ్మ. ఆ అమ్మాయి కోసం కొత్త గుమాస్తానైన నేను (ఇస్త్రీ చొక్కా తప్ప వేరే ఆస్తి లేనివాణ్ణి) ఏనుగు మీదికైనా ఎక్కేవాణ్ణి. "ఆదివారం గాలానికి రమ్మనండి, మనిషెలాటోడో తేల్తాది" అని ఆయన కబురు పెట్టాడు. ఆయన ఔనంటే పెళ్లి. కాదంటే ఆ పిల్ల ఇపో పట్నంలో ఉన్న బావకి వెళ్లిపోతుంది.

బయల్దేరేముందు మా అమ్మ ఒకటే మాట చెప్పింది: "పెద్దోరు ఉండగా మంచి సోటులో నువ్వు కూకోకు. లేసి ఆరికియ్యాల." సరేనన్నాను. అది ఎమర్జెన్సీ కాలం, తెల్లదొరల సర్కారుకీ అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకీ పోరు. మా కూలీ లైన్ల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. అడవిలో ఉన్నవాళ్లకి చేరుతుందని అన్నం మెతుకు కూడా బయటికి పోనిచ్చేవారు కాదు, అందుకని ఎరకి వానపాములే గతి. గేటు కానిస్టేబులు మా డబ్బా మూత తీసి, లోపలికి చూసి, గబుక్కున మూసి "పో లా" అన్నాడు (అక్కడ మాట చివర ఊరికే 'లా' తగిలిస్తారు). సాయంత్రం కర్ఫ్యూ సైరన్ మోగేలోపు లోపలికి రాకపోతే మాత్రం వాడు చుట్టమని చూడడు.

మేం వెళ్లింది తగరం తవ్వుకుని వదిలేస్తే నీళ్లు నిండిన పెద్ద గుంటకి. గట్టు మీద మావ నాకు శాస్త్రం బోధించాడు. నీళ్ల రంగు మారేచోట, వంగిన కొమ్మ కింద, సన్నగా బుడగలు లేచేచోట కొర్రమీను ఉంటుందట. ఒకడు కూర్చున్నచోట ఇంకొకడు గాలం వెయ్యకూడదట, మన నీడ నీళ్ల మీద పడకూడదట, పక్కవాణ్ణి "పడిందా" అని అడగడమంత పాపం ఇంకోటి లేదట. అన్నిటికంటే పెద్ద నియమం, కూర్చున్న చోటునుంచి లేవకూడదట. నేను అన్నిటికీ బుద్ధిగా తలూపి, కొమ్మ నీడ ఆయనకి వదిలేసి, ఎండా బురదా తప్ప ఏమీ లేని మూలకి పోయి కూర్చున్నాను. కూర్చున్నానో లేదో నా బెండు బుడుంగున మునిగింది.

చేప పడ్డ సంతోషం ఒక క్షణం. మరుక్షణం అమ్మ మాట గుర్తొచ్చింది. అంటే మంచి చోటు నాదన్నమాట! లేచి, చేతులు కట్టుకుని, ఇక్కడికి వచ్చి కూర్చోమని మావని బతిమాలాను. పాపం, ఆయన సంకటంలో పడ్డాడు. ఇంకొకడి చోటు తీసుకోవడం గాలం ధర్మం కాదు. కాబోయే అల్లుడు మర్యాద చేస్తుంటే కాదనడం మన ధర్మం కాదు. చివరికి మన ధర్మమే గెలిచింది, ఆయన గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. నేను కొమ్మ నీడకి వెళ్లాను. అక్కడ పొద్దుటినుంచీ ఆయన్ని పలకరించని కొర్రమీను నా గాలాన్ని వచ్చి కావలించుకుంది. మళ్లీ లేచాను. ఇలా ఒకరి వెనక ఒకరం గుంట చుట్టూ ప్రదక్షిణం చేశాం. (అవతలి గట్టున ఒక చీనా తాత తన గాలం సంగతి మర్చిపోయి పొట్ట పట్టుకుని నవ్వాడు.) మావకి చేప కాదు కదా, పీత కూడా తగల్లేదు. నా బుట్ట నిండినకొద్దీ నా పెళ్లి దూరమవుతోందని తెలుస్తూనే ఉంది, అయినా బెండు మునగ్గానే నా కాళ్లు వాటంతటవే లేచి నిలబడేవి.

ఇంతలో సైరన్. పరుగో పరుగు. నా చెప్పు ఒకటి బురద మింగేసింది, గాలాలు తీగలకి చిక్కుకున్నాయి, గేటు మూస్తుంటే ఇద్దరం ఒకేసారి సందులో దూరాం. ("ముందు మీరు" అనబోయాను, మావ మెడపట్టి లోపలికి తోశాడు.) ఆయన ఆయాసం తీర్చుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"కూకున్నకాడనించి లేవద్దని సెప్పినానా? నా ఈడులో ఇన్నిసార్లు నన్ను ఎవులూ లేపనేదు."

పెళ్లి పోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోను. బుట్ట ఆయన చేతికిచ్చి దండం పెట్టాను. ఆయన బుట్ట బరువు చూశాడు, నా ముఖం చూశాడు.

"మా పిల్లది పట్టినపట్టు ఇడిసే రకం కాదు. ఆ ఇంట్లో ఎవులో ఒకరు లేసి సోటివ్వాల. నువ్వే సరైనోడివి లా."

పెళ్లి మెర్డెకా ఏడాది, అంటే ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది అయింది. ఊరంతా కాగితం జెండాలు, నా గుండెలో అంతకు రెట్టింపు. పీటల మీద ఉండగా ఒక ముసలాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నేను లేచాను. కొంగుముడి లాగడంతో పెళ్లికూతురూ సగం లేచింది. అందరూ గొల్లుమన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టి కిందికి గుంజి, మొట్టమొదటిసారి నాతో మాట్లాడింది: "ఈ సోటు ఎవులికీ ఇయ్యకండి."

ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఈమధ్య కౌలాలంపూర్ రైల్లో కుర్రాళ్లు నన్ను చూసి లేస్తున్నారు. "కూర్చోవయ్యా, చేపలన్నీ పోతాయి" అని మావలా చెప్పాలనిపిస్తుంది. చెప్పేలోపు మోకాళ్లు నా మాట వినకుండా కూర్చునేస్తాయి.